ముప్పై మంది రాస్తే

ఆ ఏడు ఏప్రిల్లో ఎతెల్క పిన్ని మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకోవడంతో, ఓడ ఎక్కి మాట్లాడే పని నా మీద పడింది.

బుడాపెస్ట్ నుంచి దిగువకు వచ్చే ఓడ బుధవారం సాయంత్రం మా కలోచ రేవులో ఆగుతుంది. మర్నాడు పొద్దున ఓడలోవాళ్ళు దిగి ఊరు చూస్తారు. ఏం చూడాలో వాళ్ళే ఎంచుకోవాలి. రాత్రి భోజనానికి ముందు పై హాల్లో అందరినీ కూర్చోబెట్టి తలా ఒక కాగితం ఇస్తారు. అందులో మూడు గళ్ళుంటాయి. ఒకటి పెద్ద చర్చిలో ఆర్గన్ కచేరీ, దాంతోపాటు మిరప మ్యూజియం. ఇంకోటి మేం దూనా అనే డాన్యూబ్ నది కట్ట మీద సైకిలు షికారు. మూడోది మా పిపాచ్ పుస్తాలో, అంటే గడ్డిమైదానంలో, గుర్రాల ఆటలు. ఒక్కో దాని తరఫున ఒకరు లేచి అయిదు నిమిషాలు చెబుతారు. అది విని, నచ్చిన గడిలో టిక్కు పెట్టి, సూపు వడ్డించేలోగా కాగితాన్ని కౌంటరు దగ్గర డబ్బాలో వెయ్యాలి.

గుర్రాల తరఫున పదకొండేళ్ళుగా ఎతెల్క పిన్నే చెప్పేది. ఆవిడ స్కూలు టీచరుగా చేసి రిటైరైంది. నేను హోటలు పని నేర్పే బడిలో రెండో ఏడు సగంలో మానేసినదాన్ని. మా నాన్న పోయాక మిరప తోటల్లో కూలికి వెళ్ళాను. బడిలో ఆ ఏడాదిన్నరలో అబ్బిన జర్మనూ, కాస్త ఇంగ్లీషూ అలా ఒంట్లో మిగిలిపోయాయంతే.

"నా చదువెంత, నేనెంత? అంతమంది ముందు నిలబడి ఏం చెప్పను?" అన్నాను మా అత్తమ్మతో.

"గుర్రాల గురించి చెప్పడానికి డాక్టరు చదువు కావాలా ఏంటే? భాష వచ్చు. పళ్ళు తెల్లగా ఉన్నాయి. పో."

"పన్నిని ఎవరు చూస్తారు?"

"నేనున్నానుగా. నా కొడుకుని పెంచలేదా?"

"ఆయన ఒంటి మీద ఎన్ని కుట్లున్నాయో నేను చూశాను అత్తమ్మా."

"చూడకపోతే పిల్ల ఎలా పుట్టింది?" అని అత్తమ్మ పిండి పిసకడంలో పడిపోయింది.

పన్నికి అప్పటికి మూడేళ్ళు. ద్రాక్షపండు నాలుగు ముక్కలు చేసి గానీ దాని చేతికివ్వను. నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. నా తీరే అంత. అయితే ఆ ఏడాది నా భయమంతా పిల్ల మీద కాదు, పిల్ల తండ్రి మీద.

మా ఆయన అంబ్రుశ్ పుస్తాలో రౌతు. అక్కడి ఆటల్లో పెద్దది అయిదు గుర్రాల పరుగు. ముందు మూడు, వెనక రెండు. ఆ వెనక రెండింటి మీదా చెరో కాలు వేసి నిలబడి, అయిదింటి కళ్ళేలూ ఒక్క చేతిలో పట్టుకుని, రెండో చేత్తో కొరడా ఝళిపిస్తూ మైదానం చుట్టూ తిరగాలి. జీను ఉండదు, తాడు ఉండదు. కిందటేడు సెప్టెంబరులో ముందరి గుర్రం తొట్రుపడింది. కంచె దగ్గర పన్నిని చంకనేసుకుని నిలబడ్డ నేను చూస్తుండగానే ఆయన కింద పడ్డాడు. మెడ కింద ఎముక విరిగింది. ఎముక అతుక్కుంది. నాకు మాత్రం అప్పట్నుంచీ చూడటం చేతకాలేదు. ఆయన ఆ రెండు గుర్రాల మీదికి ఎక్కుతున్నాడనగానే పుస్తా వంటింట్లోకి పోయి, కుళాయి పూర్తిగా తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగేదాన్ని.

పుస్తా యజమాని కాల్మాన్ బాబాయిది ఒకటే లెక్క. ముప్పై మంది వస్తే అయిదు గుర్రాల పరుగు ఉంటుంది. తగ్గితే బండి షికారు, కొరడా విద్యలు, గుర్రాన్ని కూర్చోబెట్టడం, పడుకోబెట్టడం, పొగాచ రొట్టెలు, ఆప్రికాట్ సారా. అంతే. "పదిమంది కోసం నా గుర్రాల కాళ్ళు విరగ్గొట్టను" అనేవాడు. మా ఆయన కాళ్ళ సంగతి ఎత్తేవాడు కాదు.

మొదటి మూడు బుధవారాలు ఎతెల్క పిన్ని రాసిచ్చినదాన్నే అప్పజెప్పాను. ఎర్రపూలు కుట్టిన జాకెట్టు వేసుకుని, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, "గాలితో పందెం వేసే మా గుర్రాలు, నిప్పులాంటి మా రౌతులు" అని. నలభై ఒక్క మంది రాశారు. తర్వాత ముప్పై ఆరు. తర్వాత నలభై. ఓడలో ఈ షికార్లన్నీ చూసుకునే ఉల్రికె అనే జర్మన్ ఆవిడ సూపు టైముకి కాగితాలు లెక్కపెట్టి, నేను ఓడ దిగే చెక్క వంతెన దగ్గర సంఖ్య చెప్పేది. ఆ సంఖ్య ముప్పై దాటిందంటే మర్నాడు ఆయన ఎక్కుతాడన్నమాటే.

నాలుగో బుధవారం, మే నెలలో, నేను చెప్పడం అయ్యాక మొదటి వరసలోంచి ఒక ముసలావిడ చెయ్యెత్తింది.

"అక్కడ మరుగుదొడ్డి ఉందామ్మా?"

"ఉందండి. చెక్కవి రెండు."

"రెండేనా? దారి ఎలా ఉంటుంది?"

"సగం దాకా బాగుంటుందండి. ఆ తర్వాత మట్టిరోడ్డు."

"నాకు నడుం నొప్పి."

"బండికి స్ప్రింగులుండవండి" అన్నాను. అడిగినదానికి జవాబు చెప్పాను, అంతే.

హాల్లో గుసగుసలు బయల్దేరాయి. ఆ సాయంత్రం ఉల్రికె చెప్పిన సంఖ్య పదిహేడు.

మర్నాడు అయిదు గుర్రాల పరుగు లేదు. మా ఆయన మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. చేపల పులుసు రెండుసార్లు వడ్డించుకున్నాడు. పన్నిని భుజాలకెక్కించుకుని కోళ్ళను తరిమాడు. ఎన్నో నెలల తర్వాత నేను నిద్రపోయాను.

ఆ పై బుధవారం ఎవరూ అడక్కుండానే చెప్పాను. దుమ్ము బాగా ఉంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్ళు గుడ్డ కట్టుకోండి. ఈగలు గుర్రాలతోపాటే ఉంటాయి, ఏం చెయ్యలేం. బల్లలకి నీడ లేదు. చర్చిలో మాత్రం చల్లగా ఉంటుంది, కుర్చీలకి మెత్తలు వేశారు, ఆర్గన్ వింటుంటే ఒళ్ళు పులకరిస్తుంది. నేను ఒక్క అబద్ధం ఆడలేదు. ఇప్పటికీ అదే మాటంటాను.

పన్నెండు మంది రాశారు. ఆ తర్వాత పంతొమ్మిది, తొమ్మిది, ఇరవై రెండు.  ఆ పై వారం ఈగల గురించి ఇంకో వాక్యం కలిపాను.

జూన్ ఆఖర్లో ఒకరోజు మా గుమ్మం ముందు తేనె సీసా ఒకటి కనిపించింది. దానికి చీటీ కట్టి ఉంది. చర్చిలో ఆర్గన్ వాయించే లొరాంద్ అనే పెద్దాయన పంపాడు. "మా సంగీతం పట్ల మీరు చూపుతున్న అభిమానానికి" అని రాశాడు. మా ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివాడు.

"ఏం బోరీ, ఆ పెద్దమనిషి నీకు తేనె ఎందుకు పంపినట్టు?"

"నాకేం తెలుసు?"

"ఆయనకి డెబ్బై ఏళ్ళు. గుర్రం కూడా ఎక్కలేడు. అయినా ఒక కన్నేసి ఉంచుతా."

అత్తమ్మ పగలబడి నవ్వింది. నేనూ నవ్వాను. ముఖం మాత్రం ఎర్రబడ్డట్టుంది, అత్తమ్మ నవ్వాపి నావైపు చూసింది.

పుస్తాలో మాత్రం ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. కాల్మాన్ బాబాయి ఖాళీ బల్లల మధ్య తిరుగుతూ తిట్టేవాడు. ఓడలవాళ్ళని, వానలని, సైకిళ్ళని, వాటిని కనిపెట్టినవాడి తాతని. ఒక గురువారం ఎనిమిది మంది ఆడవాళ్ళు వచ్చి, బండెక్కి, సారా తాగి వెళ్ళిపోయాక మా ఆయనతో అన్నాడు.

"సెప్టెంబరు దాకా చూస్తా అంబ్రుశ్. ఇలాగే ఉంటే ముందరి మూడింటినీ అమ్మేస్తా. కొట్టంలో కట్టేసి మేపడానికి అవేమన్నా మేకలా?"

"జట్టు విడిపోతే మళ్ళీ కుదరదు బాబాయ్. వీటిని కలపడానికి నాలుగేళ్ళు పట్టింది."

"అయితే నీ పెళ్ళాన్ని కాస్త గట్టిగా చెప్పమను."

నేను పక్కనే గ్లాసులు తుడుస్తున్నాను. మా ఆయన నావైపు చూసి, "అదెంత చెప్పాలో అంతా చెబుతోంది" అన్నాడు. నన్ను వెనకేసుకొచ్చాడు. నేను తుడిచిన గ్లాసునే మళ్ళీ తుడిచాను.

ఆ రోజు సాయంత్రం మాట్లాడి ఉంటే పోయేది. మాట్లాడలేదు. మూడు గుర్రాలు పోతే పోనీ, మనిషి మిగులుతాడు అనుకున్నాను. ఆయనకి వేరే పని దొరక్కపోతుందా? మిరప ఆరబెట్టే మిల్లులో మా అన్న ఉన్నాడు. మనసులో మా ఆయనకి మిల్లులో ఉద్యోగం కూడా వేయించేశాను. భోజనం డబ్బా కూడా సర్దేశాను.

జులైలో పుల్లచెర్రీలు దిగాయి. రెండు బుట్టల పళ్ళు పెరట్లో పెట్టుకుని నేనూ అత్తమ్మా గింజలు తీస్తున్నాం. మోచేతుల దాకా ఎరుపు. పన్ని గింజలు మింగుతుందేమోనని నాకు ఒక కన్ను అటే ఉంది.

"మీ ఆయనకి ఇంకో జత బూట్లు కొనాలే. ఆ మంచులో తడిసి తోలు చీకిపోయింది" అంది అత్తమ్మ.

"ఎండాకాలంలో మంచేంటి?"

"తెల్లవారుజామున గడ్డి మీద ఉండదూ?"

"గడ్డి తిరగెయ్యడానికేగా వెళ్ళేది. ఎండెక్కాక వెళ్ళొచ్చుగా?"

అత్తమ్మ చెర్రీ నొక్కడం ఆపింది.

"నాలుగున్నరకి గడ్డెవడు తిరగేస్తాడే? అయిదింటినీ కట్టి తోలుతున్నాడు. నీకు తెలుసనుకున్నా."

"ఒక్కడేనా?"

"ఒక్కడు కాక? కాల్మాన్ చూస్తే ఊరుకుంటాడా. వాడు రాకముందే కానిచ్చేసి కొట్టంలో కట్టేస్తాడు. పరుగు లేకపోతే జట్టు మరిచిపోతాయంట. ఇప్పటికే ఆ ముందరి మూడూ తలో దిక్కు లాగుతున్నాయంట." అత్తమ్మ నా ముఖంలోకి చూడకుండా ఇంకో గుప్పెడు చెర్రీలు ఒళ్ళో వేసుకుంది. "వాళ్ళ నాన్నా ఇంతే. జనం ముందు పడితే ఎత్తడానికి నలుగురుంటారు."

పన్ని ఒక గింజ నోట్లో పెట్టుకుంది. అత్తమ్మే లేచి తీసింది. నేను కూర్చున్నచోటే ఉన్నాను. రెండున్నర నెలలు. నేను నిద్రపోయిన రాత్రులన్నీ ఒక్కొక్కటే తెల్లవారుతున్నట్టనిపించింది.

మర్నాడే బుధవారం. ఓడ హాల్లో తొంభై మంది దాకా ఉన్నారు. సైకిళ్ళ కుర్రాడు చెప్పి కూర్చున్నాడు. ఎతెల్క పిన్ని కాగితం చూసి చదివేసి వచ్చేద్దామని వెళ్ళాను. "గాలితో పందెం వేసే" అని మొదలెట్టాను. ముందు వరసలో పెద్ద చెవుల ముసలాయన ఒకడు నా మాట వినకుండానే ఆర్గన్ గడిలో టిక్కు పెట్టేస్తున్నాడు.

"ఆగండి, అప్పుడే రాయకండి" అన్నాను.

ఆయన పెన్ను పైకెత్తాడు.

తర్వాత నేను మాట్లాడింది సగం జర్మను, సగం ఇంగ్లీషు. ఏ వాక్యం ఏ భాషలో ఉందో నాకే తెలియదు. "అక్కడ రెండు గుర్రాల మీద నిలబడేది మా ఆయన. కిందటేడు పడ్డాడు. నేను అక్కడే ఉన్నాను. అప్పట్నుంచీ నేను చూడను, వంటింట్లో కుళాయి తిప్పుకుని నిలబడతాను. మీరు ముప్పై మంది రాస్తే ఆయన ఎక్కుతాడు. అందుకని ఎవరూ రాయకుండా మే నెల నుంచీ ఇక్కడ నిలబడి దుమ్మూ ఈగలూ అని చెబుతున్నాను. దుమ్ము ఉన్న మాట నిజమే. కానీ మీరు రాకపోతే ఆయన చీకట్నే లేచి, ఎవరూ లేనిచోట ఒక్కడే ఎక్కుతున్నాడు. నాకు నిన్ననే తెలిసింది. మీరు రండి. మీరుంటే కనీసం పట్టుకోవడానికి మనుషులుంటారు."

చప్పట్లు లేవు.  నేను జాకెట్టు సర్దుకుని బయటికొచ్చి వంతెన దగ్గర నిలబడ్డాను. ఇంక ఈ పని పోయిందనే అనుకున్నాను.

ఉల్రికె చాలాసేపటికి వచ్చింది. చేతిలో కాగితాల కట్ట.

"డెబ్బై ఒకటి. రెండు బస్సులు కావాలి" అంది. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "మీరు రెండు నెలలుగా నాతో ఆటలాడారు, తెలుసా?" అంది. కోపంగా ఏమీ లేదు.

మర్నాడు రెండు బస్సులు దుమ్ము లేపుకుంటూ వచ్చాయి. మా ఆయన నీలం బట్టలు ఇస్త్రీ చేసింది నేనే. డోలు మోగగానే వంటింట్లోకి పోయి కుళాయి తిప్పాను. నీళ్ళ చప్పుడులోంచి గిట్టల అదురు నేలలో తెలుస్తూనే ఉంది. ఒక చుట్టు. రెండు. మూడు. చప్పట్లు.

కిటికీ మీద ఎవరో వేలితో కొట్టారు. పెద్ద చెవుల ముసలాయన.

"మీ ఆయన దిగాడమ్మా. బాగున్నాడు. నీళ్ళు కట్టెయ్యి."

ఆయన అంతటితో ఊరుకోలేదు. కొట్టం దగ్గరికి పోయి మా ఆయనకీ చెప్పాడు. మా ఆయనకొచ్చిన జర్మను గుర్రాలతో మాట్లాడటానికే సరిపోతుంది. బస్సు డ్రైవరు దెజో పక్కన నిలబడి ఒక్క ముక్క వదలకుండా మా భాషలోకి మార్చి చెప్పాడు. కుళాయి, ఈగలు, మే నెల, అన్నీ. నేను వంటింటి గుమ్మంలోంచి చూస్తున్నాను. మా ఆయన ముసలాయన చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. నావైపు మాత్రం తిరగలేదు.

ఇంటికొచ్చాక బూట్లు విప్పడానికి అరుగు మీద కూర్చున్నాడు. ఎప్పట్లాగే మడమ దగ్గర పట్టుకుని లాగాను.

"మే నుంచా?" అన్నాడు.

"నాలుగో ఓడ నుంచి."

"పదకొండు ఓడలు." రెండో కాలు చాపాడు. "నేను ముసలాణ్ణయిపోయాననుకున్నా. చూడ్డానికి బాగోలేదేమో, అందుకే జనం రావట్లేదేమోనని. అద్దంలో కూడా చూసుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన అది చూసి చూడనట్టు తడిసిన బూటును తిరగేసి పెట్టాడు.

"పడనని నీకు మాటివ్వలేను బోరీ."

"ఇమ్మని అడగలేదు. ఒక్కడివీ వెళ్ళనని ఇవ్వు."

"అది ఇస్తా" అన్నాడు. "అయితే ఆ తేనె?"

"తిను."

కాల్మాన్ బాబాయి పోయిన ప్రాణం లేచొచ్చినట్టు తిరిగాడు ఆ వారమంతా. ఓడలో నేనేం చెప్పానో దెజోని అడిగి రెండుసార్లు విన్నాడట.

"అదే చెప్పు తల్లీ, ఒక్క మాట మార్చకు. ఆ కుళాయి దగ్గర గొంతు కాస్త తగ్గించు. కళ్ళు తుడుచుకున్నా నష్టం లేదు."

"ఏడుపు రాకపోతే?"

"ఉల్లిపాయ పట్టుకెళ్ళు."

ఉల్లిపాయ పట్టుకెళ్ళలేదు కానీ అదే చెప్పాను. అరవై ఎనిమిది. డెబ్బై నాలుగు. ఉల్రికె కాగితంలో మా గడి కింద కొత్త వాక్యం కూడా అచ్చు వేయించింది. "భర్త ప్రాణం కోసం తల్లడిల్లే భార్య నోట వినండి" అని. ఆగస్టు మూడో బుధవారం, "నేను చూడను, వంటింట్లో" అన్నాక నేను ఒక్క క్షణం ఆగాను. కిందటి వారం కూడా సరిగ్గా అక్కడే ఆగానని అప్పుడు తట్టింది. అంతకు ముందు వారం కూడా. మొదటిసారి ఊపిరాడక ఆగాను. ఈసారి ఊపిరి బాగానే ఆడుతోంది. ఒకావిడ చేతిరుమాలు తీసింది. ఈగల గురించి చెప్పినప్పుడు కలగని సిగ్గు నాకు ఆ రుమాలు చూశాక కలిగింది.

ఇంటికొచ్చి మా ఆయన్ని అడిగాను. "ఇంక ఇది చెప్పను. ఏం చెప్పమంటావు?"

ఆయన పన్నికి గుమ్మడిగింజలు ఒలిచి పెడుతున్నాడు. "నన్నడుగుతావేం? ఎతెల్క పిన్ని కాగితం చూసి చెప్పావు. ఆ తర్వాత దుమ్ము చూసి చెప్పావు. ఇప్పుడు కుళాయి చూసి చెబుతున్నావు. అసలుదాన్ని చూసి చెప్పచ్చుగా" అన్నాడు.

ఎత్తిపొడుపు కాదు. ఊరికే అన్నాడు. గింజ ఒలిచి పిల్ల నోట్లో వేశాడు.

మాటిచ్చాడు కనుక తెల్లవారుజామున ఒంటరిగా వెళ్ళడం మానేశాడు. అయితే వారానికి ఒక్క గురువారమే తోలితే జట్టుకి చాలదు. ఆదివారాలు కూడా తిప్పడానికి కాల్మాన్ బాబాయి ఒప్పుకున్నాడు, ఎవరో ఒకరు దగ్గరుండేలా. ఆ ఆదివారం ఆ ఒకరు నేనే. పన్నిని అత్తమ్మ దగ్గర వదిలాను. ఎన్నో జాగ్రత్తలు చెబుతుంటే అత్తమ్మ తలుపు వేసేసుకుంది.

పొద్దున ఆరు గంటలు దాటింది. ఎండ ఇంకా అడ్డంగానే ఉంది. జనం కూర్చునే బల్లల దగ్గర కాకుండా, గుర్రాలు మలుపు తిరిగేచోట కంచెను పట్టుకుని నిలబడ్డాను. ఆయన ముందు మూడింటిని కట్టాడు. వెనకవాటి మధ్యకి వచ్చి, వాటిలో బెత్యార్ అనే గుర్రం మెడ మీద చెయ్యి ఆనించి ఒక్క గెంతులో పైకి లేచాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచాను.

దూరం నుంచి ఆయన కొయ్యబొమ్మలా నిటారుగా ఉంటాడనే గుర్తు నాకు. దగ్గర్నుంచి చూస్తే ఆయన ఒంట్లో నిలకడగా ఉన్నది ఏదీ లేదు. మోకాళ్ళు ఎప్పుడూ కదులుతూనే ఉన్నాయి, పిల్లని ఊపుతున్నట్టు. మలుపు దగ్గరికి వచ్చేసరికి ఇంకోటి తెలిసింది. ఆయన మాట్లాడుతున్నాడు. అరవడం కాదు, పక్కింటివాళ్ళతో గోడ మీంచి మాట్లాడినట్టు.

"ఒరే బెత్యార్, అటెక్కడికిరా, అటు మీ అత్తారిల్లేం లేదు. ఇటు రా. ఆఁ. అమ్మా సెల్లో, నెమ్మదమ్మా. మా పన్నికి దవడ పన్నొస్తోంది, రాత్రి నిద్రలేదు, నువ్వు కూడా ఏడిపించకే..."

వెళ్ళిపోయాయి. మళ్ళీ చుట్టు తిరిగి వచ్చాయి. మాట ఇంకా ఆగలేదు. గడ్డి రేటు, కాల్మాన్ బాబాయి మోకాలి నొప్పి, మా అత్తమ్మ చేసిన పులుసులో ఉప్పు. నా గురించీ ఏదో అన్నాడు, గాలికి సగమే వినిపించింది. డోలు, చప్పట్లు, కొరడా చప్పుళ్ళ మధ్య బల్లల మీదున్నవాళ్ళకి ఇది ఎన్నడూ వినపడి ఉండదు. అయిదు గుర్రాల చెవులూ వెనక్కి తిరిగి ఆయన మాటే వింటున్నాయి.

మూడో చుట్టులో ఆయన ఎడమకాలు జారింది. నేను చూశాను. మోకాలు గుర్రం వీపుకి తగిలింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. "చూశావా, నవ్వుకోకు" అని గుర్రంతో అంటూనే పైకి లేచాడు. మాట మధ్యలో తెగలేదు.

భయం పోయిందని చెప్పను. కంచె మీద నా వేళ్ళ గుర్తులు పడే ఉంటాయి. కానీ మూడు చుట్లూ చూశాను.

తర్వాతి బుధవారం ఓడ హాల్లో నా వంతు వచ్చింది. ఉల్రికె నన్ను పరిచయం చేస్తూ కొత్త వాక్యం చదివింది. జనం ముందుకి వంగి కూర్చున్నారు. ఒకరిద్దరి చేతుల్లో రుమాళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

"మా ఆయన రేపు పదిన్నరకి రెండు గుర్రాల మీద నిలబడతాడు. దారి సగం మట్టిరోడ్డు. మరుగుదొడ్లు రెండే. ఆయన గుర్రాల మీద ఉన్నంతసేపూ వాటితో మాట్లాడతాడు. మీకు ఆ మాటలు అర్థం కావు, అయినా వినడానికి బాగుంటాయి. ఎడమవైపు చివరి బల్ల మీద కూర్చుంటే, గాలి నది వైపు నుంచి వీస్తే, వినిపిస్తాయి. ఒక్కోసారి కాలు జారుతుంది. నేనూ అక్కడే ఉంటాను, కంచె దగ్గర" అన్నాను.

అంతే. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. రుమాళ్ళవాళ్ళు వాటిని సంచుల్లో పెట్టేసుకున్నారు. కొందరు టిక్కు పెట్టారు, కొందరు పెన్ను పట్టుకుని ఆలోచిస్తున్నారు. ఏ గడిలోనో నేను చూడలేదు.

వంతెన దాటి రేవులోకి దిగుతుంటే వెనకనుంచి ఉల్రికె కేకేసింది.

"బోరీ! ఇంకో పది నిమిషాలాగండి, లెక్కపెట్టి చెబుతా."

"పొద్దున బస్సు దిగుతుంటే లెక్కపెట్టుకుంటాలెండి" అన్నాను. పన్నికి అన్నం పెట్టే వేళయింది.

ఇంటి దగ్గర మా ఆయన అరుగు మీద తోలుపట్టీలకి నూనె రాస్తున్నాడు.

"ఎంతమంది?"

"అడగలేదు."

 ఆయన లేచి ఇంటి వెనక పాకలోకి వెళ్ళి, కొయ్యలకి వేలాడుతున్న మిగతా గుర్రాలవి కూడా, మొత్తం అయిదింటి పట్టీలూ దించుకొచ్చాడు. నేను చేతులు కడుక్కుని ఇంకో గుడ్డ ముక్క తీసుకున్నాను.